నిషేధించేశారట, ఇక నిశ్చింతగా నిద్రపోదాం!

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో సామూహిక విధ్వంసక ఆయుధాల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే బాగోదని ఆగాను. ఆగినా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

అణుబాంబు, విషవాయువు, ఆంత్రాక్స్ అనే రోగకారక బ్యాక్టీరియా మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. రసాయన ఆయుధాల గురించి చెప్పే చోట అణుబాంబు పేలితే లేచే పుట్టగొడుగు మేఘం ఫొటో! డర్టీ బాంబు అంటే 'చిన్న సైజు అణుబాంబు' అట. కాదండీ. మామూలు పేలుడు పదార్థానికి రేడియోధార్మిక పదార్థాన్ని జతచేసి చుట్టూ చిమ్మించేది డర్టీ బాంబు. అందులో అణు విస్ఫోటనం ఉండనే ఉండదు. ఇక హిరోషిమా బాంబు శక్తి 15 మెగాటన్నులని అచ్చేశారు. 15 కిలోటన్నులు సార్, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం. తేడా వెయ్యి రెట్లు. 15 మెగాటన్నులది వేరే ఉంది, 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో పరీక్షించిన హైడ్రోజన్ బాంబు. 6 మెగాటన్నుల దాకా వస్తుందని లెక్క వేసుకుంటే 15 వచ్చింది. దూరంగా చేపలు పట్టుకుంటున్న జపాన్ పడవ మీద బూడిద కురిసి, అందులోని 23 మందీ జబ్బుపడ్డారు. పట్టుమని ఒక్క ఫోన్ చేసి ఏ ఫిజిక్స్ మాస్టారిని అడిగినా ఈ తేడా చెప్పేవారు.

ఇంతవరకైతే తొందరలో దొర్లాయనుకుని వదిలేసేవాణ్ణి. అసలు సంగతి చివర్లో వేసిన పట్టిక. అణు, రసాయన, జీవాయుధాలు మూడు వరుసలు, మూడింటి ఎదుటా పచ్చరంగు టిక్కు, పక్కన 'అంతర్జాతీయ ఒప్పందాలతో నిషేధం, పర్యవేక్షణ అమలులో ఉంది' అని ఒకే వాక్యం. పిల్లలు దీన్నే కత్తిరించి ప్రాజెక్టు వర్కులో అతికించుకుంటారు. ఆ వాక్యం మూడింటిలో ఒక్కదానికే, అదీ కొంతమేరకే వర్తిస్తుంది.

ఆ ఒక్కటీ రసాయన ఆయుధాలు. అక్కడికి రావడానికి కూడా దాదాపు వందేళ్లు పట్టింది. ఊపిరాడనివ్వని వాయువులు నింపిన గుండ్లు వాడకూడదని 1899లోనే హేగ్‌లో రాసుకున్నారు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం గుండ్లు వాడలేదు, నిజమే. వేలకొద్దీ క్లోరిన్ సిలిండర్లు కందకాల్లో పాతిపెట్టి, గాలి అనుకూలంగా వీచేదాకా రోజుల తరబడి కాచుకుని, సాయంత్రం పూట మూతలు విప్పింది. ఒప్పందంలో గుండ్లని ఉంది కానీ సిలిండర్లని లేదుగా! ఆ పని దగ్గరుండి చేయించిన ఫ్రిట్జ్ హేబర్‌కే 1918 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు, ఎరువులకు మూలమైన అమ్మోనియా తయారీ కనిపెట్టినందుకు.

1925 జెనీవా ప్రోటోకాల్ తయారీని కూడా నిషేధించిందని మీ వ్యాసకర్త రాశారు. అదీ తప్పే. వాడకాన్ని మాత్రమే వద్దంది. తయారు చేసుకోవచ్చు, గోదాముల్లో పేర్చుకోవచ్చు. 'ఎదుటివాడు ముందు వాడితే మేమూ వాడతాం' అని చాలా దేశాలు షరతు పెట్టి మరీ చేరాయి. అమెరికా దాన్ని ఆమోదించింది 1975లో. అందులో చేరిన ఇటలీయే పదేళ్లకు ఇథియోపియా మీద ఒళ్లు బొబ్బలెక్కించే మస్టర్డ్ గ్యాస్ చల్లింది. 1988లో ఇరాక్‌లోని హలబ్జాలో విషవాయువుతో ఒక్కరోజులో సుమారు 5 వేల మంది ప్రాణాలు పోయినప్పుడు కూడా ఆ ప్రోటోకాల్ కాగితం మీద భద్రంగానే ఉంది.

మార్పు 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందంతో వచ్చింది. ఎందుకంటే దానికి ఇన్‌స్పెక్టర్లున్నారు. హేగ్‌లోని ఓపీసీడబ్ల్యూ అనే పర్యవేక్షణ సంస్థ మనుషులు గోదాములకు వెళ్లి, గుండ్లు లెక్కపెట్టి, నాశనం చేస్తుంటే పక్కనే నిలబడి చూశారు. దేశాలు తమ దగ్గర ఉన్నాయని ప్రకటించిన 72 వేల టన్నులకు పైగా విషం అలా అంతమైంది. భారత్ వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ నిల్వను 2009 కల్లా వదిలించుకుంది. అమెరికా తన ఆఖరి సారిన్ (నరాలను దెబ్బతీసే విషం) రాకెట్‌ను 2023 జులైలో ధ్వంసం చేసింది. ప్రపంచం కలిసికట్టుగా చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి. మీ రెండు పేజీల్లో దీనికి ఒక్క లైను కూడా దొరకలేదు! ఈజిప్ట్, ఉత్తర కొరియా, దక్షిణ సూడాన్ ఇందులో ఇంకా చేరలేదు. ఇజ్రాయెల్ సంతకం పెట్టింది, ఆమోదించలేదు. సిరియా 2013లో చేరింది. అయినా 2017లో అక్కడ ఖాన్ షేఖూన్‌లో సారిన్ పడింది. అది సిరియా ప్రభుత్వం పనేనని తేల్చిన ఐరాస సంయుక్త దర్యాప్తు బృందాన్ని అదే ఏడాది రష్యా వీటో వేసి మూయించింది. అందుకే 'కొంతమేరకు' అన్నాను.

ఇప్పుడు జీవాయుధాల ఎదుట మీరు పెట్టిన టిక్కు చూద్దాం. 1972 ఒప్పందం తయారీని, నిల్వను నిషేధించిన మాట వాస్తవం. మరి పర్యవేక్షణ? ఎవరు చేస్తున్నారు? ఎక్కడ? ఆ ఒప్పందానికి ఇన్‌స్పెక్టర్లు లేరు. ఓపీసీడబ్ల్యూ లాంటి సంస్థ లేదు. జెనీవాలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది సిబ్బందితో ఒక చిన్న విభాగం ఉంది. దేశాలు ఏటా తమ ప్రయోగశాలల గురించి ఫారాలు నింపి పంపాలి. చాలా దేశాలు అదీ పంపవు. పంపకపోతే అడిగే నాథుడు లేడు.

తనిఖీ లేకపోతే ఏమవుతుందో సోవియట్ యూనియన్ చూపించింది. ఈ ఒప్పంద పత్రాలను భద్రపరచే బాధ్యత తీసుకున్న మూడు దేశాల్లో అదొకటి. సంతకం పెట్టాకే బయోప్రిపరాట్ అనే పేరుతో భారీ జీవాయుధ కార్యక్రమం నడిపింది. 1979 ఏప్రిల్‌లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలోని సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాలిలోకి లీకై కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిని చచ్చారని ప్రభుత్వం చెప్పింది, చాలామంది నమ్మారు కూడా. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్ట్‌సిన్ అది సైన్యం పనేనని ఒప్పుకున్నాక, అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లి, చనిపోయినవాళ్లు లీకైన రోజు పగలు ఎక్కడెక్కడ ఉన్నారో ఆరా తీసి మ్యాపు మీద గుర్తులు పెట్టింది. అవన్నీ సైనిక కేంద్రం దగ్గర మొదలై, ఆ రోజు గాలి వీచిన దిక్కునే సన్నని పట్టీలా వచ్చాయి. పట్టీని అలాగే పొడిగిస్తే, పశువులు చచ్చిన పల్లెలు కూడా వరసగా దాని మీదే ఉన్నాయి. మాంసం కథ ఎక్కడికి పోయింది? ఇది తేలడానికి పదమూడేళ్లకు పైనే పట్టింది. అదీ ప్రభుత్వం మారింది కాబట్టి.

తనిఖీలు పెడదామని ఏళ్ల తరబడి చర్చలు జరిపారు. 2001లో అమెరికా ఒప్పుకోనంది, ముసాయిదా అటకెక్కింది. ఈ తనిఖీ కష్టమన్నది కూడా నిజమే. టీకా తయారుచేసే ట్యాంకులోనే రోగాన్నీ పెంచవచ్చు. గుండ్లు లెక్కపెట్టినట్టు బ్యాక్టీరియాను లెక్కపెట్టలేం, ఒక్క సీసా చాలు, అది పెరుగుతూ పోతుంది. కష్టం కాబట్టి వదిలేశారు. మీరు దానికి టిక్కు పెట్టారు!

అణ్వాయుధాల సంగతి దీనికి తిరగేసినట్టుంటుంది. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వాయుధాల వ్యాప్తిని అరికట్టే ఒప్పందం ఎన్‌పీటీ 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన ఐదు దేశాలను అణ్వాయుధ దేశాలుగా గుర్తించింది, మిగతావాళ్లు తయారుచేయకూడదంది. భారత్, పాకిస్థాన్, ఇజ్రాయెల్ అందులో చేరనే లేదు. ఉత్తర కొరియా 2003లో బయటికొచ్చేసింది. తనిఖీ మాత్రం గట్టిగానే ఉంది, బాంబు లేనివాళ్ల దగ్గర! అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) ఇన్‌స్పెక్టర్లు యురేనియం డబ్బాలకు నాణెం సైజు లోహపు సీలు వేస్తారు. దాని లోపలి వైపు గీతలు ముందే ఫొటో తీసి ఉంచుకుంటారు. తర్వాత ఆ సీలును వియన్నాలోని తమ కేంద్రానికి తీసుకెళ్లి పాత ఫొటోతో పోల్చి చూస్తారు, మధ్యలో ఎవరైనా మార్చారేమోనని. గోడల మీదా యంత్రాల మీదా నూలుగుడ్డతో తుడిచి, ఆ ధూళిని ల్యాబులో పరీక్షిస్తారు. ఇంత పకడ్బందీ పని ఆ ఐదు దేశాల వార్‌హెడ్ల దాకా, అంటే ఆయుధాల్లో అమర్చే అణుబాంబుల దాకా వెళ్లదు. నిరాయుధీకరణకు చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని వాళ్లు ఆరో అధికరణంలో మాటిచ్చారు. 1986లో 70 వేల దాకా ఉన్న వార్‌హెడ్లు ఇప్పుడు సుమారు 12 వేలకు తగ్గిన మాట ఒప్పుకుంటాను. కానీ 2015, 2022 సమీక్షా సమావేశాల్లో వారాల తరబడి కూర్చుని ఒక్క ఉమ్మడి ప్రకటన మీద కూడా ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. అణు పరీక్షలను నిషేధించే సీటీబీటీ 1996 నుంచీ అమల్లోకి రాలేదు. ఆమోదించిన రష్యా కూడా 2023లో ఆమోదం వెనక్కి తీసుకుంది. 2021లో అమల్లోకి వచ్చిన సంపూర్ణ నిషేధ ఒప్పందంలో అణ్వాయుధాలున్న దేశం ఒక్కటీ లేదు. మీ పచ్చ టిక్కు ఇందులో ఏ ఒప్పందానికండీ?

ఇదంతా చాదస్తమని మీ డెస్క్‌లో నవ్వుకోవచ్చు. ఈ గందరగోళంతోనే ఒక యుద్ధం జరిగింది. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఇరాక్ దగ్గర విధ్వంసక ఆయుధాలున్నాయంటూ, ఇంత ఆంత్రాక్స్ పొడి చాలంటూ ఐరాస భద్రతా మండలిలో చిన్న సీసా ఎత్తి చూపించారు. హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలో ఐరాస ఇన్‌స్పెక్టర్లు అప్పటికే ఇరాక్‌లో తిరుగుతున్నారు, నిల్వలేవీ దొరకలేదు, ఇంకొన్ని నెలలు కావాలన్నారు. ఇవ్వలేదు. అమెరికా బాంబులేశాక వెతికితే చెప్పిన నిల్వలు లేవు. 'విధ్వంసక ఆయుధాలు' అని మంత్రులు అంటే అణువా, విషమా, క్రిమా అని అడగకుండా పత్రికలు అచ్చేశాయి. న్యూయార్క్ టైమ్స్ అంతటిది 2004లో తన ఇరాక్ కథనాల్లో లోపాలున్నాయని సంపాదకుల పేరుతో రాసుకుంది. మన దగ్గర టీవీ చర్చల్లో ఇప్పటికీ 'అణుబాంబు వేసి పారేయాలి' అని కేకలేస్తుంటే యాంకర్లు ఆపరు. అధికార ప్రతినిధులకు కిలోటన్ను ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న టెన్షనూ లేదు. పత్రికైనా కాస్త నిదానంగా రాస్తుందనుకుంటే, మీరూ వాళ్ల బాటే పట్టారు.

ఆ పట్టికను సరిచేసి, వేసిన చోటే, అంతే సైజులో మళ్లీ వేయండి. ఏడో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'చింతిస్తున్నాం' అంటే సరిపోదు.

ఉత్తరం పొడుగైంది, కత్తిరిస్తారని తెలుసు. హేబర్ సంగతి తీసేయండి, పావెల్ సంగతి తీసేసినా బాధపడను. జీవాయుధాల ఒప్పందానికి ఇన్‌స్పెక్టర్లు లేరన్న భాగం మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాత చందాదారు