ఆ ఇరవై నిమిషాల గురించి

తల్లిదండ్రులకు, మనవల్ని దగ్గరుంచుకుని చదివిస్తున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

"ప్రార్థన అయ్యాక యోగా అని ఇరవై నిమిషాలు కూర్చోబెడుతున్నారు, ఆ టైములో నాలుగు లెక్కలు చెప్పించొచ్చు కదా మేడమ్" అని మొన్నటి మీటింగులో ఒకరు అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

పదో తరగతి పిల్లల టెన్షన్ మీకు తెలిసిందే. కానీ మన శ్రీకాకుళం పల్లెల్లో ఇంకో బెంగ ఉంది. అమ్మానాన్నలు చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్తే, ఆ దిగులు పిల్లలు నోటితో చెప్పరు. కడుపునొప్పి అంటారు. పక్కవాడితో గొడవ పడతారు. పిలిచి అడిగితే తల దించుకుంటారు.

అలాంటి పిల్లలకు బాగా నచ్చింది భ్రామరి. కళ్లు మూసుకుని గాలి పీల్చి, వదిలేటప్పుడు పెదవులు కలిపి తుమ్మెదలా మోత చేయడం. అరవై మంది ఒక్కసారి అంటే వరండా అంతా మోగుతుంది. ఒక్కడినే నిలబెట్టి అనమంటే సిగ్గుతో ముడుచుకుపోయేవాడు కూడా ఆ మోతలో తన గొంతు కలిపేస్తాడు. తనవంక చూసేవాళ్లు లేరు, మార్కులు లేవు, ర్యాంకులు లేవు. ఇంట్లో ఒంటరిగా అయితే మూడో రోజుకే మానేస్తాం (నా సంగతీ అంతే). పక్కన పదిమంది చేస్తుంటే సాగుతుంది.

ఇందులో మాయేమీ లేదు. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె దడ తగ్గుతుంది. ప్రశ్నపత్రం చూసి చేతులు చల్లబడిన పిల్లకు అప్పటికప్పుడు పనికొచ్చేది అదే.

వీరఘట్టంలో పుట్టిన మన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారని పీడీ సార్ చెప్పారు. ఇంకేముంది, మరుసటి రోజు ఏడో తరగతి అబ్బాయిలు ఊపిరి బిగబట్టి మొహాలు ఎర్రగా చేసుకుని కూర్చున్నారు! బిగబట్టడం మన బడిలో లేదు, ఇంట్లోనూ చేయనివ్వకండి.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ బీచ్ నుంచి భోగాపురం వరకు లక్షల మంది యోగా చేశారు. చూడముచ్చటైన సంగతే. కానీ పిల్లల మనసుకు పనికొచ్చేది ఏడాదికో రోజు కాదు, రోజూ కాసేపు.

యోగా మందు కాదని కూడా చెప్పాలి. పిల్లలు వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మనసు బాగోలేనివాళ్లతో ఫోన్‌లో మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఒక విన్నపం. కడుపు నిండా చద్దన్నం తిన్న వెంటనే పిల్లలు వంగలేరు. బడికి రావడానికి గంటన్నర ముందే పెట్టండి. కుదరకపోతే చెప్పి పంపండి, ఆ పూట ఊపిరి సాధన మాత్రమే చేయిస్తాం.

వచ్చే శనివారం ఉదయం మీరూ రండి. పాత దుప్పటి ఒకటి తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుర్చీలు వేయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు