శాలువా సరే, టికెట్ ఎవరు కొన్నారు?

మాన్యులైన సంపాదకులకు నమస్కారాలు.

జర్మనీలో జరిగే పదార్థ విజ్ఞాన సదస్సులో పరిశోధన పత్రం సమర్పించడానికి మన విద్యార్థిని వెళుతున్నదని గతవారం మీ పత్రిక ఒక వార్తను, దానితోపాటు ఒక ఫొటోను ప్రచురించింది. ఫొటోలో ఉపకులపతి గారు, రిజిస్ట్రార్ గారు, వారి చుట్టూ మరికొందరు అధికారులు ఆ అమ్మాయికి శాలువా కప్పుతున్నారు. ఈ విజయమంతా విశ్వవిద్యాలయం ఇచ్చిన ప్రోత్సాహం చలవేనని ఉపకులపతి గారు సెలవిచ్చినట్టు మీ విలేకరి రాశారు. విశ్వవిద్యాలయం పేరు నేను మళ్ళీ రాయను. ఆ చోట మరో పేరు పెట్టినా కథ పెద్దగా మారదు.

ఆ అమ్మాయి డిగ్రీలో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకుంది కనుక ఆ ప్రోత్సాహం ఎటువంటిదో నాకు కొంత తెలుసు. విమానం టికెట్ ఆమె తండ్రి చీటీ పాడి కొన్నారు. సదస్సు రిజిస్ట్రేషన్ రుసుము అన్నయ్య క్రెడిట్ కార్డు మీద కట్టారు. విశ్వవిద్యాలయం ఇచ్చినది ఒకే ఒక్క నిరభ్యంతర పత్రం. అది కూడా గైడ్ నుంచి విభాగాధిపతికి, అక్కడి నుంచి డీన్‌కు, రిజిస్ట్రార్‌కు, ఫైనాన్స్ ఆఫీసర్‌కు (పైసా అడగని కాగితంతో ఆయనకేం పనో ఎవరూ చెప్పలేదు) తిరిగి ఆమె చేతికి వచ్చేసరికి తక్కువ రుసుముతో నమోదు చేసుకునే గడువు కాస్తా దాటిపోయింది. ఆ అదనపు రుసుమును కూడా ప్రోత్సాహం పద్దులోనే రాసుకోవాలేమో!

ప్రయాణ సాయానికి పథకాలే లేవని నేను అనడం లేదు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) వంటి కేంద్ర సంస్థలు యువ పరిశోధకులకు విదేశీ ప్రయాణ సాయం ఇస్తూ వచ్చాయి. అయితే ఇటువంటి సాయం చాలావరకు 'ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, తిరిగి వచ్చాక బిల్లులు పెట్టుకోండి' అన్న పద్ధతిలోనే నడుస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో ప్రయాణించేవారు 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్ళేదాకా ఆ సంస్థ విమానమే ఎక్కవలసి వచ్చేది. ఆ తరువాత బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు ప్రభుత్వ రంగ ఏజెన్సీలలో ఒక దాని ద్వారా టికెట్ కొనాలన్నారు. కొన్నాక ఆ రసీదు, బోర్డింగ్ పాసు, సదస్సులో పాల్గొన్నట్టు ధ్రువపత్రం, సొమ్ము దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్నీ జతచేయాలి. బోర్డింగ్ పాసు ఫోనులోనే వచ్చే ఈ రోజుల్లో కూడా దాని అసలు కాగితం ఏదని అడిగే గుమాస్తాలు నాకు తెలుసు. లక్షకు పైగా చేతి నుంచి పెట్టుకోగలిగిన ఇంటి పిల్లలకు ఇవన్నీ చికాకులు మాత్రమే. అంత స్తోమత లేని ఇళ్ళలో దరఖాస్తు చేయాలన్న ఆలోచనే రాదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 జనవరి నుంచి పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇచ్చే జూనియర్ ఫెలోషిప్‌ను 31,000 రూపాయల నుంచి 37,000కు, సీనియర్ ఫెలోషిప్‌ను 35,000 నుంచి 42,000కు పెంచింది. సంతోషం. కానీ పెంచిన మొత్తం ఏ నెలది ఆ నెలలో ఖాతాలో పడితేనే దాన్ని ఆదాయం అనగలం. మా విద్యార్థినికి నెలల తరబడి బకాయి ఉంది. దీని ఫలితం వీసా దరఖాస్తు దగ్గర బయటపడింది. జర్మనీ వంటి ఐరోపా దేశాలకు వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకు గత కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాలి, చేతిలో తగినంత డబ్బు ఉందని, పని అయ్యాక స్వదేశానికి తిరిగి వస్తామని నమ్మించాలి. ప్రభుత్వమే జీతంలాంటి సొమ్ము ఆపి ఉంచిన విద్యార్థి ఖాతాలో వీసా అధికారులకు ఏం కనిపిస్తుంది? చివరకు తండ్రి ఖాతా చూపించి, పూచీ లేఖ రాయించి గట్టెక్కారు. ఆ వీసా రుసుము 2024 జూన్‌లో 80 యూరోల నుంచి 90 యూరోలకు పెరిగింది; అంటే మన లెక్కలో ఎనిమిది వేలకు పైమాటే. వీసా నిరాకరించినా అది తిరిగి రాదు.

ఇక యూజీసీ నెట్ అర్హత పరీక్షలో ఫెలోషిప్ రాని పరిశోధకుల మాట ఎత్తకపోవడమే మేలు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అటువంటివారికి నెలకు 8,000 రూపాయలైనా ఇచ్చే ఏర్పాటు ఉండేది, అది మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లలకు వర్తించలేదు. వారు పగలు ప్రైవేటు కళాశాలల్లో పాఠాలు చెప్పి, రాత్రి సిద్ధాంత గ్రంథం రాసుకుంటున్నారు.

ఇంత ఖర్చెందుకు, ఆన్‌లైన్‌లో మాట్లాడితే సరిపోదా అని ఒక మాజీ సహోద్యోగి నాతో వాదించారు. 1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా విశ్వవిద్యాలయం తన ప్రతినిధిగా సి.వి. రామన్‌ను పంపింది. ఆ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమను చూసి, అది ఆకాశపు ప్రతిబింబమేనన్న బ్రిటిష్ శాస్త్రవేత్త రాలే వివరణ సరికాదని ఆయనకు తోచింది. నౌకలో తిరిగి వస్తూనే పరిశీలనలు మొదలుపెట్టారు. ఆ ఆలోచన 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఎఫెక్ట్ ఆవిష్కరణకు, 1930 నోబెల్ బహుమతికి దారి చూపింది. ఏటా ఆ తేదీన జాతీయ విజ్ఞాన దినోత్సవమని వేదికలెక్కి ప్రసంగాలు చేసే మన అధికారులకు ఆ నౌక టికెట్ సంగతి మాత్రం గుర్తుకు రాదు. పైగా పత్రం చదివిన పదిహేను నిమిషాలకన్నా, ఆ తరువాత టీ బల్ల దగ్గర అపరిచితుడైన ఒక పెద్ద శాస్త్రవేత్త అడిగే ప్రశ్న యువ పరిశోధకులకు ఎక్కువ ఉపయోగపడుతుంది. తెర మీద ఆ అవకాశం దొరకదు.

సదస్సుల విషయంలో మన విశ్వవిద్యాలయాల చిత్తశుద్ధి ఎటువంటిదో ఇంతకుముందే చూశాం. పీహెచ్‌డీ సమర్పించే ముందు రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలని 2016 యూజీసీ నిబంధనల్లో ఉండేది. ఫలితంగా డబ్బు కట్టినవారందరికీ ధ్రువపత్రం చేతిలో పెట్టే 'అంతర్జాతీయ' సదస్సులు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. పక్క జిల్లా నుంచి వచ్చిన అతిథే అక్కడ అంతర్జాతీయత. 2022 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు విదేశంలో, నిపుణుల పరిశీలనలో నెగ్గి పత్రం ఎంపికైన విద్యార్థికి కూడా అదే అనుమానపు చూపు ఎదురవుతోంది. అయితే విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం తనిఖీకి వచ్చిన ఏడాది ఆ పత్రాన్నే నివేదికలో మొదటి పేజీలో ఎక్కించుకుంటారు, గోడలకు సున్నం వేయించినంత శ్రద్ధగా.

2023లో పార్లమెంటు చట్టం చేసి, పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థను ఏర్పాటు చేసింది. అయిదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు. అందులో సింహభాగం ప్రైవేటు రంగం నుంచి రావాలన్నారు. అంత పెద్ద అంకెలు నా బుర్రకు ఎక్కవు. నేను అడిగేది చిన్నది. పత్రం ఎంపికైనట్టు లేఖ చూపించిన రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి టికెట్, రిజిస్ట్రేషన్ సొమ్ములో నాలుగింట మూడొంతులైనా ముందుగానే ఇవ్వాలి, మిగిలినది బిల్లులు చూపాక ఇవ్వవచ్చు. దరఖాస్తుపై ఎన్ని రోజుల్లో నిర్ణయం చెబుతారో ముందే ప్రకటించాలి.

గత అయిదేళ్ళలో ప్రయాణ సాయం కోసం ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరికి ఇచ్చారు, ఎన్ని నెలలకు ఇచ్చారు అని సదరు విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో దరఖాస్తు పంపాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. మీ విలేకరి కూడా అదే ప్రశ్నను ఫొటోలో ఉన్న పెద్దలను నేరుగా అడిగితే నా జవాబుకన్నా ముందే మీకు రావచ్చు. వచ్చినదాన్ని అంతే పెద్ద అక్షరాల్లో ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
సికింద్రాబాద్