మిద్దె తోటకు సర్వే నంబరు ఎక్కడి నుంచి తేవాలి? – మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉద్యాన శాఖ మంత్రి గారికి,

అనంతపురం నుంచి నమస్కారం. మిద్దె తోటకు సబ్సిడీ మీద డ్రిప్పు, వేళకు నీళ్లు వదిలే టైమరు ఇప్పించమని నేను పెట్టుకున్న అర్జీలు మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. సోమవారం గ్రీవెన్స్‌లో ఏ కాగితం ఇచ్చినా ఫోనుకు మెసేజ్ మాత్రం ఠంచనుగా వస్తుంది. కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఇంకోటి వస్తుంది. మొదటిసారి అది చదివి నిజంగానే మిద్దె ఎక్కి చూశాను, నేను లేనప్పుడు ఎవరైనా వచ్చి పైపులు వేసిపోయారేమోనని.

సూక్ష్మ సేద్యం, అదే డ్రిప్పుకు సబ్సిడీ ఇచ్చే పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? 2003 నుంచి నడుస్తున్నదే. మా తమ్ముడు గార్లదిన్నె దగ్గర చీనీ తోటకు 90 శాతం సబ్సిడీతో వేయించుకున్నాడు. మాకూ సంతోషమే. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల మీద డ్రిప్పు లేకుంటే చీనీ చెట్టు నిలబడేదా? పొలంలో నీటిచుక్కకు ఉన్న విలువ మిద్దె మీద చుక్కకు ఎందుకు లేకపోయిందన్నదే నా బాధ.

ఆఫీసులో ఏం జరిగిందో వినండి. పాపం, కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి మంచివాడే. “పాసుపుస్తకం తెచ్చారా అమ్మా? వన్‌బీ, అడంగల్?” అని పొలం కాగితాలు అడిగాడు. ఇంటి పన్ను రసీదు ఇచ్చాను. సర్వే నంబరు కొట్టందే ఫారం ముందుకు పోదన్నాడు. బోరు కరెంటు సర్వీసు నంబరు అడిగాడు. మాది మున్సిపాలిటీ కుళాయి, అది రాని రోజు ట్యాంకర్ అని చెప్పాను. “పోనీ ఎన్ని ఎకరాలు?” అన్నాడు. ఎకరాలేంటి నాయనా, అరవై కుండీలు అన్నాను. వెనకున్న రైతులు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. “అయితే మీరు రైతు కిందికి రారమ్మా” అన్నాడు. వంకాయలు, టమోటాలు, గోంగూర కాస్తున్నాయి కదా అంటే, పై ఆఫీసుకు వెళ్లమన్నాడు. పై ఆఫీసుకు వెళ్తే, ఇది కింది ఆఫీసు పని అన్నారు.

మరి ఆశ పెట్టిందెవరు? పూల ప్రదర్శనలో మీ శాఖ పెద్దాయన ఒకరు మైకు పట్టుకుని, మిద్దె తోటలకు కూడా ఆటోమేటిక్ కిట్లు వస్తున్నాయి, పేర్లు రాయించుకోండి అన్నారు. మా వీధి ఆడవాళ్లమంతా వరుసలో నిలబడి రాయించుకున్నాం. ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉందో కాస్త కనుక్కోండి సార్. దొరికితే సగం పని అయినట్టే.

ఆటోమేటిక్ అనగానే షోకు అనుకుంటున్నారు కొందరు. మే నెలలో మిద్దె మీద గ్రో బ్యాగు పొద్దున తడిపితే సాయంత్రానికి పిడచ కడుతుంది. బెంగళూరులో మనవడి పుట్టినరోజుకు వెళ్లాలన్నా మిరప మొక్కల టెన్షనే.

అందుకే చూసీ చూసీ సొంత డబ్బుతో ఒక కిట్టు కొన్నాను. టైమరు చెప్పిన వేళకు టక్‌మంటుంది. నీళ్లు రావు! అందులో ఉన్నది సోలినాయిడ్ వాల్వు, అంటే కరెంటు అయస్కాంతంతో పనిచేసేది. అది తెరుచుకోవాలంటే నీటి ప్రెషర్ కూడా కావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే గానీ ఒక బార్ ప్రెషర్ రాదు, మా ట్యాంకు దిమ్మె చూస్తే నాలుగడుగులు. బాల్ వాల్వు టైమరైతే, అంటే లోపల గుండు తిరిగి దారి తెరిచేదైతే, ట్యాంకు నీళ్లకు కూడా పనిచేస్తుందని కొన్నాక తెలిసింది. వాపసు తీసుకోమంటే, బ్యాటరీలు వేశారు కదా అన్నాడు దుకాణాయన. ఇప్పుడు గేటు వాల్వు చేత్తోనే తిప్పుతున్నాను. ఇక ట్యాంకర్ నీళ్ల ఉప్పు సంగతి: డ్రిప్పర్ల మూతి మీద తెల్లగా పెచ్చు కడుతుంది. వాటిని పీకి, నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, పిన్నీసుతో పొడుచుకుంటూ కూర్చుంటే ఒక పూట గడిచిపోతుంది. మా ఆయన దీన్నే నా ఆటోమేటిక్ అంటారు.

ఇవన్నీ చెప్పే మనిషి మీ శాఖలో ఉంటే నేను మోసపోయేదాన్నా? కిట్టు ఇప్పించండి సార్. సబ్సిడీ పొలం వాళ్లకిచ్చినంత ఇవ్వకపోయినా సగం ఇవ్వండి. ఫారంలో సర్వే నంబరు గడి పక్కన ఇంటి నంబరు గడి పెట్టించండి, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఇచ్చే టైమరు ట్యాంకు నీళ్లకు తెరుచుకునేదై ఉండాలి, ఫిల్టర్ తప్పకుండా ఉండాలి. ఏదీ కుదరదంటే కుదరదనే రాసి పంపండి, అంతేగానీ పరిష్కరించబడినది అని మాత్రం పంపించకండి.

మార్చి దాటితే మా ఎండల సంగతి మీకు తెలియంది కాదు. ఆలోపు మనిషిని పంపిస్తే చాలు, మిద్దె మీదికి మెట్లున్నాయి.

ఇట్లు
మిద్దె తోట పెంచుకుంటున్న ఒక గృహిణి
అనంతపురం