153 దాటితే తడబడే ప్రోగ్రాములు

సంపాదకుడికి నమస్కారం.

క్యాంపస్ ఇంటర్వ్యూల కాలం రాగానే పత్రికల విద్యా పేజీల్లోనూ, కోచింగ్ మెటీరియల్‌లోనూ అంకెల ప్రోగ్రాములు వరస కడతాయి. అంకెల మొత్తం, తిరగేసిన సంఖ్య, పాలిండ్రోమ్ (తిరగేసినా మారని సంఖ్య), ఆర్మ్‌స్ట్రాంగ్ (ఎన్ని అంకెలుంటే ఒక్కో అంకెను అన్నో ఘాతానికి పెంచి కూడితే మళ్లీ అదే వచ్చే సంఖ్య). వీటిలో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రోగ్రాం చాలాచోట్ల ఒకే అచ్చులో పోసినట్టుంటుంది: 10తో భాగించి శేషం తీసుకో, దాన్ని ఘనం చేసి కలుపు, భాగఫలంతో మళ్లీ మొదలుపెట్టు. 153 ఇస్తే ఔనంటుంది, 154 ఇస్తే కాదంటుంది, పాఠం అక్కడితో సరి.

అదే ప్రోగ్రాంకు 1634 ఇచ్చి చూడండి. కాదంటుంది. నిజానికి ఔను. నాలుగంకెల సంఖ్యకు కావలసింది ఘనం కాదు, నాలుగో ఘాతం: 1 + 1296 + 81 + 256 = 1634. ఘనాలు కూడితే 308 వస్తుంది. 8208, 9474 కూడా ఇలాగే జారిపోతాయి. ముందు అంకెలెన్నో లెక్కపెట్టి, ఆ లెక్కనే ఘాతంగా వాడాలి. మూడంకెలకే రాశామంటారా, ఆ షరతు ప్రోగ్రాం పైన అచ్చువేయాలి కదా.

లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే ఆదేశాల వరస) ముగిసేసరికి అసలు సంఖ్య సున్నా అయిపోతుంది కాబట్టి పోల్చడానికి దాని నకలు ముందే దాచుకోవాలి. ఈ తప్పును విద్యార్థులు తొందరగానే పట్టుకుంటారు. పట్టుకోలేనిది సి భాషలో ఘాతం లెక్కకట్టే పౌ (pow) ఫంక్షన్ చేసే చిలిపి పని. అది ఇచ్చేది దశాంశ విలువ. కొన్ని పాత కంపైలర్లలో (ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చేవి) 5 ఘనం 125కు వెంట్రుకవాసి తక్కువగా వచ్చి, పూర్ణాంకంగా మార్చగానే 124 అవుతుంది. మొత్తం 153 రావలసింది 152 వస్తుంది. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించదు. ఘాతాన్ని చిన్న లూప్‌లో గుణకారంతో చేసుకుంటే ఈ బెడద ఉండదు.

సి ప్రోగ్రాంను పైథాన్ భాషలోకి మార్చేటప్పుడు భాగహారానికి రెండు వాలు గీతలు (//) పెట్టాలి. ఒకటే పెడితే 153 కాస్తా 15.3, తర్వాత 1.53 అవుతూ లూప్ మూడు వందలకు పైగా సార్లు తిరుగుతుంది. రెండు గీతలు పెట్టినా రుణ సంఖ్యల దగ్గర గుంట ఉంది. పైథాన్ భాగఫలాన్ని కిందికి దించుతుంది కనుక -123 నుంచి -13, -2, -1, ఆపైన ఎప్పటికీ -1. ‘సున్నా అయ్యేదాకా’ అని రాసిన లూప్ ఇక ఆగదు. సిలో ఆగుతుంది గానీ అంకెలు -3, -2, -1గా వస్తాయి. సంఖ్యను తిరగేసేటప్పుడు ఇంకో చిక్కు: 32 బిట్ల పూర్ణాంకం 2147483647 దాటి పట్టదు. 1000000009ని తిరగేస్తే 9000000001, అది అందులో ఇమడదు.

నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో కనిపెట్టిన 6174 మీద మీ విద్యా పేజీ నిలిస్తే బాగుంటుంది. నాలుగంకెల సంఖ్య తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. అవరోహణ క్రమంలో పేర్చినదాని నుంచి ఆరోహణ క్రమంలో పేర్చినది తీసేయండి, వచ్చినదానితో మళ్లీ అదే పని. ఏడు మెట్లలోపు 6174 చేరతాం. ప్రోగ్రాం తప్పేది ముందున్న సున్నా దగ్గర. 1000 - 0001 = 999. దీన్ని మూడంకెలుగా చూస్తే 999 - 999 = 0, కథ కంచికి. 0999గా ఉంచుకుంటే 9990 - 0999 = 8991, ఆపై 8082, 8532, 6174. కాబట్టి ప్రతిసారీ నాలుగుసార్లు శేషం తీయాలి. భాగఫలం సున్నా అయిందని ఆపకూడదు.

ఏడు మెట్లు చాలునని నిరూపించడానికి అన్ని సంఖ్యలనూ లూప్‌లో తిప్పడం మొరటు పద్ధతి. పెద్ద నుంచి చిన్నకు అంకెలను వరస పెడితే, తీసివేత ఫలితం ఎప్పుడూ (మొదటిది - చివరిది) × 999 + (రెండోది - మూడోది) × 90. మొదటి తేడా 1 నుంచి 9 వరకే, రెండోది దాన్ని మించదు. అంటే మొదటి మెట్టు దాటాక మిగిలేవి 54 సందర్భాలే. కాగితం మీదే సరిచూడవచ్చు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ ఇదే కిటుకు. అంకెల వరస మారినా ఘాతాల మొత్తం మారదు గదా, పదంకెల సంఖ్యలు 900 కోట్లున్నా చూడవలసిన అంకెల గుంపులు 92,377 మాత్రమే.

మీకు నా మనవి ఒకటే. ఏ ప్రోగ్రాం వేసినా దాని కింద 0, 7, 120, 1634, -123 ఇస్తే ఏమొస్తుందో ఒక్క వరుసలో వేయండి. వచ్చే వారానికి పజిల్ కూడా సిద్ధంగా ఉంది: కాప్రేకర్ పద్ధతిని రెండంకెలతో చేస్తే 09, 81, 63, 27, 45, మళ్లీ 09. ఎక్కడా నిలవదు. ఈ ప్రోగ్రాం తనంతట తాను ఆగాలంటే ఏం గుర్తుపెట్టుకోవాలో పాఠకులను అడగండి.

- కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, హనుమకొండ