ఓవాస్ప్‌ను దొంగల బడి అనడం తగదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో సైబర్ మోసాలపై మీరు వేసిన కథనం చదివి, సవరణ వస్తుందేమోనని పది రోజులు ఎదురుచూసి, రాకపోవడంతో ఈ లేఖ రాస్తున్నాను. బ్యాంకు ఖాతాలు కొల్లగొట్టే ముఠాల గురించి చెబుతూ చెబుతూ, అదే వాక్యంలో వెబ్‌సైట్ల భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ (OWASP) అనే సంస్థ పేరు కూడా చేర్చి, ‘ఆన్‌లైన్‌లో ఉచితంగా హ్యాకింగ్ నేర్పే గుంపు’ అని మీ విలేకరి రాశారు. ఉచితంగా అన్న మాట వరకు నిజమే.

2001 సెప్టెంబరులో మార్క్ కర్ఫీ చొరవతో మొదలైన ఓవాస్ప్, 2004లో అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. వెబ్ అప్లికేషన్లు రాసేవారు ఎక్కడ పొరబడుతున్నారో, ఎలా సరిదిద్దుకోవాలో స్వచ్ఛందంగా రాసిపెట్టడమే దాని పని. హైదరాబాద్‌లోనూ దానికి శాఖ ఉంది. 2003లో తొలిసారి వెలువరించిన పది ప్రధాన ప్రమాదాల జాబితాను కొన్నేళ్లకోసారి తిరగరాస్తూ వస్తున్నారు. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల భద్రతా తనిఖీల్లో ఆడిటర్లు కొలబద్దగా పట్టుకునేదీ ఆ జాబితానే. మీ విలేకరి లెక్కన ప్రభుత్వం దొంగల పుస్తకం చూసి తాళాలు వేయిస్తోందన్నమాట.

పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పిన రోజుల్లో నేను వాడినది వారి జ్యూస్ షాప్. 2014లో బ్యోర్న్ కిమ్మినిచ్ మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టు పైకి పండ్లరసాలమ్మే అంగడి. లోపలున్నవన్నీ కావాలని పెట్టిన లోపాలే. విద్యార్థి దాన్ని తన కంప్యూటర్‌లోనే నడుపుకుంటాడు కనుక చెడగొట్టినా చెడేది అతని సొంత నకలే. లాగిన్ పెట్టెలో ఈమెయిల్ బదులు ఒక కొటేషన్ గుర్తు, దాని వెనక ‘లేదా ఒకటి ఒకటికి సమానం’ అని అర్థమిచ్చే చిన్న ముక్క, చివర రెండు అడ్డగీతలు కొట్టిస్తే, ఆ షరతు ఎప్పుడూ నిజమే కాబట్టి డేటాబేస్ పట్టికలోని మొదటి ఖాతాను, అంటే అడ్మిన్ ఖాతాను, సరైన పాస్‌వర్డ్ లేకుండానే తెరిచి చేతిలో పెడుతుంది. వెనక బెంచీలో కునుకుతీసే పిల్లవాడు కూడా ఆ పూట లేచి కూర్చునేవాడు. అసలు పాఠం ఆ తర్వాతే: వాడుకరి కొట్టిన మాటను డేటాబేస్‌కిచ్చే ఆజ్ఞలో అతికించకుండా విడిగా పంపడం ఎలా అని.

2021 జాబితాలో ఐదో స్థానం నుంచి మొదటి స్థానానికి ఎగబాకిన ప్రమాదం, ఒకరి సమాచారం మరొకరి కంటపడకుండా అడ్డుకట్ట వేయకపోవడం. దాని నమూనా కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. నిరుడు ఒక కార్యాలయం వెబ్‌సైట్‌లో నా ధ్రువపత్రం తీసుకుంటూ, అడ్రసు చివర 7 కొట్టాల్సిన చోట పొరపాటున 8 కొడితే, ఎవరో అపరిచితురాలి వివరాలు ఆధార్ అంకెలతో సహా తెర మీద ప్రత్యక్షమయ్యాయి. వెంటనే మూసేసి, ఆ కార్యాలయానికి ఉత్తరం రాసి, రెండుసార్లు స్వయంగా వెళ్లాను. మొదటిసారి ‘సర్వర్ డౌన్ అండీ’ అన్నారు. అలా డౌన్‌గా ఉండటమే మేలనిపించింది. రెండోసారి ‘మిమ్మల్ని ఎవరు చూడమన్నారు, ఐటీ చట్టం 66వ సెక్షన్ తెలుసా?’ అని అడిగారు. తెలుసు. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడటం వంటి పనులను కపటబుద్ధితోనో మోసపూరితంగానో చేస్తేనే అది వర్తిస్తుందని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఫిర్యాదుకు రసీదివ్వడానికి మనసొప్పని ఆ గదిలోనే, ‘సైబర్ భద్రత మనందరి బాధ్యత’ అన్న ఫ్లెక్సీ వేలాడుతోంది.

ఓవాస్ప్ తప్పు చేయలేదని నేననను. పాత వికీ సర్వర్‌ను సరిగా అమర్చకపోవడం వల్ల, 2006 నుంచి 2014 ప్రాంతం దాకా చేరిన సభ్యుల రెజ్యూమెలు బయటపడ్డాయని 2024 ఫిబ్రవరి చివర్లో వారికి తెలిసింది. అమరిక లోపం వారి జాబితాలోనే ఉన్న ప్రమాదం, నవ్వుకునేవారికి నవ్వుకున్నంత. అయితే జరిగినదాన్ని వారే బహిరంగంగా ప్రకటించి, ఏయే వివరాలు బయటపడి ఉండవచ్చో చెప్పారు. మన దగ్గర ముందుగా వచ్చేది ‘మా వ్యవస్థ పూర్తిగా సురక్షితం’ అన్న ఖండన; లోపం సరిచేశారో లేదో ఆ తర్వాత ఎవరూ చెప్పరు.

మీ కథనం చదివిన మా వీధిలోని ఒక తండ్రి, జ్యూస్ షాప్‌తో సాధన చేస్తున్న కొడుకు దగ్గర ల్యాప్‌టాప్ లాక్కుని నా దగ్గరికి తెచ్చారు. ఎంత నచ్చజెప్పినా ‘పేపర్లో పడింది కదండీ’ అంటున్నారు. కాబట్టి ఆ వాక్యానికి సవరణను, ఎవరి కంటా పడని లోపలి పేజీ మూలన కాకుండా, ఆదివారం అనుబంధంలోనే అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. ల్యాప్‌టాప్ ప్రస్తుతానికి మా ఇంట్లోనే ఉంది.

– విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, ఏలూరు