డెల్టాలో బోరు లోతు పెంచితే ఉప్పే

సంపాదకులకు,

ధవళేశ్వరంలో కాలువలు కట్టేశారంటే చాలు, కోనసీమలోనూ నరసాపురం వైపూ బోరు బండ్లు తిరుగుతాయి. నీళ్లు తగ్గాయి, ఇంకో వంద అడుగులు దింపమంటారు యజమానులు. రాతి నేలలో చెల్లే మాట అది. మన కింద గోదావరి పోసిన ఇసుక, బంకమన్ను పొరలున్నాయి. కడియం, ఆలమూరు వైపు మంచినీటి ఇసుక మందంగానే తగులుతుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ పలచబడి, అంతర్వేది, కాట్రేనికోన ప్రాంతాల్లో ఇసుక దిబ్బల పైభాగానే మంచినీళ్లు తేలి ఉంటాయి. అక్కడ చాలాచోట్ల లోతు పెంచడమంటే డబ్బిచ్చి ఉప్పు కొనుక్కోవడమే.

ఎక్కడ ఆపాలో పైకొచ్చే మట్టే చెబుతుంది. ప్రతి 5 అడుగులకూ, రంగు మారిన ప్రతిసారీ, బోరులోంచి పైకొచ్చి గుంటలోకి మళ్లే బురదకు జల్లెడ అడ్డుపెట్టి గుప్పెడు పట్టాలి. కడిగి, లోతు రాసిన కవరులో వేయాలి. కడగకపోతే బోరు గోడలు కూలకుండా పోసిన బురద అంటుకుని మంచి ఇసుక కూడా బంకమన్నులా కనిపిస్తుంది. వేళ్ల మధ్య గరగరలాడే బరక ఇసుక దగ్గరే ఫిల్టర్ పైపు, అంటే నీళ్లు లోపలికి వచ్చే చీలికలున్న పైపు, రావాలి. పిండిలా జారే సన్న ఇసుక దగ్గర పెడితే మోటారు నీళ్లతోపాటు దాన్నీ తోడుతుంది.

నాలుగంగుళాల పైపుకు 8 అంగుళాల కన్నం వేయించండి. ఇరుకైతే పైపు ఓ పక్కకు ఆనుకుని, చుట్టూ పోసే గులక అటువైపు పడదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఏటి గులక కడిగి పోయాలి. క్రషర్ చిప్స్‌లోని పొడి చీలికలను మూసేస్తుంది. 8 అంగుళాల కన్నంలో 110 మిల్లీమీటర్ల పైపు చుట్టూ అడుగుకు సుమారు పావు ఘనపుటడుగు గులక పడుతుంది. ఫిల్టరు పైనా కిందా కలుపుకుని 35 అడుగుల మేర నింపాలంటే 9 ఘనపుటడుగులు కావాలి. అయిదు ఘనపుటడుగులకే నిండిందంటే గులక మధ్యలో చిక్కుకుంది, కింద ఖాళీ ఉంది. గమేళాలు గబగబా కుమ్మరిస్తే జరిగేది ఇదే. గులక మీద బంకమన్ను, పై 10 అడుగుల్లో సిమెంటు పాలు పోయాలి. లంక గ్రామాల్లో ఇది మానేస్తే వరదనీరు పైపు పక్కనుంచే నేరుగా దిగుతుంది.

బోరు శుభ్రం కావడానికి కంప్రెసరుతో గాలి ఓ గంట కొట్టించి బండి పంపేస్తున్నారు. గోడకు అంటిన బురద వదలకపోతే నీళ్లుండీ రావు, నింద మాత్రం నేల మీద పడుతుంది. ఆపి, మళ్లీ కొట్టి, తెల్ల బకెట్టు నింపి చూడండి. అడుగున ఇసుక పేరుకుంటున్నంతసేపూ పని కానట్టే.

ఉప్పు పరీక్ష ఆ తర్వాతే. బోరు వేయడానికి వాడిన కాలువ నీళ్లన్నీ బయటికి పోయేదాకా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు చూపే అంకె నమ్మరానిది. నాలుగు గంటలు తోడి కొలవాలి, కాలువలు కట్టేసిన మే నెలాఖరున ఇంకోసారి కొలవాలి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు. తోడేకొద్దీ అంకె పెరుగుతుంటే మోటారు పెద్దదైందన్నమాట. సముద్రమట్టం కన్నా మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే కింద దాదాపు 40 అడుగుల మంచినీటిని అది నిలబెడుతుందని లెక్క. ఆ అడుగు కాస్తా లాగేస్తే కిందనుంచి ఉప్పు పొంగుతుంది. అయిదు హెచ్‌పీ ఒక్కటి బిగించేకన్నా, ఎడంగా రెండు చిన్న ఫిల్టర్ పాయింట్లు (తక్కువ లోతు బోర్లు) వేసి మార్చి మార్చి తోడుకోవడం మేలు.

ఉప్పు పడిన బోరును మూత పెట్టి వదిలేస్తున్నారు. అది పై మంచినీటి ఇసుకలోకి ఉప్పును ఎక్కించే గొట్టం. అడుగునుంచి బంకమన్నుతో నింపి, పైన సిమెంటు పోయాలి. నోరు తెరిచి వదిలితే పిల్లలకు ప్రమాదమని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలిచ్చింది.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, తాగునీటి ప్రభుత్వ బోరుకు 250 మీటర్ల లోపు కొత్తది వేయరాదు. ఆ అనుమతి కాగితంతోపాటే ఏ లోతులో ఏ పొర పడింది, నీళ్లు ఎక్కడ ఉప్పుగా మారాయి అన్న చీటీ కూడా తీసుకుని గ్రామ సచివాలయంలో గోడకు అంటించాలని అధికారులను కోరుతున్నాం. పక్క చేను రైతు 90 అడుగుల దగ్గర ఉప్పు చూశాడని ముందే తెలిస్తే, రెండో బోరు 60 దగ్గరే ఆగుతుంది.

– బోరు మేస్త్రులు కొందరు, రాజోలు ప్రాంతం