రేకుల కుండ కోసం పరిగెత్తిన మీ అందరికీ

అమ్మాయి పెళ్లై మూడు వారాలైంది. షామియానా లెక్క, వంటవాళ్ల లెక్క అన్నీ తేలిపోయాయి, సోఫా కింద ఊడిస్తే ఇంకా అక్షింతలు వస్తూనే ఉన్నాయి. మిగిలిపోయిన బాకీ ఇదొక్కటే. పెళ్లికి సరిగ్గా 18 రోజుల ముందు, రాత్రి పదకొండున్నరకి, పూతరేకులు తీసే కుండ పగిలితే దాని ఫోటో ఒకటి పెట్టి "ఇలాంటిది ఎక్కడైనా దొరుకుతుందా, అర్జెంటు" అని నేను రాస్తే, మీలో చాలామంది పడుకోకుండా జవాబులిచ్చారు. కొందరు నవ్వారు కూడా, పర్లేదు, ఇప్పుడు చూస్తే నాకూ నవ్వొస్తోంది. ఆ రాత్రి మాత్రం రాలేదు. అసలు సంగతేమిటో అప్పుడు చెప్పే ఓపిక లేదు, ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

ఆ కుండ మా అత్తయ్యది. మా నాన్నకి పెద్దక్క. మాది ముమ్మిడివరం వైపు ఊరు, ఆవిడని ఆత్రేయపురం ఇచ్చారు. అక్కడ ఇంటింటికీ ఉన్నట్టే వాళ్ల ఇంట్లోనూ పూతరేకుల పని ఉండేది. పూతరేకుల పని అంటే మీరు కొట్లో కొనే చుట్టలు చుట్టడం కాదు, ఉత్త రేకులు తీయడం. అత్తయ్య రేకులు తీసి వందల లెక్కన కొట్టువాళ్లకి ఇచ్చేది, నెయ్యి, పంచదార వేసి చుట్టుకోవడం వాళ్ల పని. మా పిల్లలు ఆవిడని "రేకుల మామ్మ" అనేవారు. ఫోన్‌లో కూడా నా దగ్గర అదే పేరు, ఇంకా తీయలేదు.

ఆవిడ దగ్గర నేను మూడేళ్లు ఉన్నాను. రాజమండ్రిలో డిగ్రీ చదువు, ఆత్రేయపురం నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా రోజూ బస్సు. పొద్దున నేను లేచేసరికే అత్తయ్య దొడ్లో పొయ్యి ముందు కూర్చుని ఉండేది. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, కుండని బోర్లిస్తారు, మూతి వైపు నుంచి లోపలికి ఎండు కొబ్బరాకులు తోసి మంట పెడతారు, కుండ వీపు కాలుతుంది. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బి, పాలకంటే కాస్త పల్చగా పిండి కలుపుతారు. పల్చటి గుడ్డ అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద పరిచి ఇటు లాగేస్తే, గుడ్డ వెనకాలే రేకు కట్టేస్తుంది. కళ్లు మూసి తెరిచేలోపు. పొర లేస్తుంది చూడండి అంచు దగ్గర, అక్కడ వేలి కొసతో పట్టుకుని తీయాలి, అది కూడా ఊపిరి బిగబట్టి. "రేకు మీద ఊపిరొదలకే, చిరుగుద్ది" అని నన్ను ఎన్నిసార్లు తిట్టిందో. కుండ కాక సరిపోయిందో లేదో చూడ్డానికి చేతి వేళ్లు పిండిలో ముంచి ఓ చుక్క విదిల్చేది, ఆ చప్పుడు విని తెలుసుకునేది. చూసి కాదు, విని. చిరిగిన రేకులు కొట్టుకి పనికిరావు కాబట్టి మావే, పంచదార చల్లి గిన్నెలో వేసి కాలేజీకి వెళ్లేముందు చేతిలో పెట్టేది. నాకు ఇప్పటికీ చుట్టిన పూతరేకు కంటే ఆ ముక్కలే ఇష్టం. ఈ మధ్య చాక్లెట్ పూతరేకులని కూడా వస్తున్నాయి, దాని గురించి అత్తయ్య అన్న మాట ఇక్కడ రాయలేను.

1996 నవంబరు 6 తుపాను గురించి కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి ఒక్క ముక్క, మా నాన్న తోటలో తెల్లారేసరికి నిలబడి ఉన్న చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరి మొక్క పాతితే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది, అంటే ఆ ఐదారేళ్లూ ఇంట్లో రూపాయి లేనట్టే. నాన్న ఆత్రేయపురం వచ్చి, అరుగు మీద కూర్చుని, "దీని చదువు ఆపేద్దాం అక్కా, సంబంధాలు చూస్తాను" అన్నాడు. నేను తలుపు వెనకాల. అత్తయ్య ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి హార్లిక్స్ సీసా తెచ్చి చాప మీద బోర్లించింది. పది రూపాయల నోట్లు, ఐదు రూపాయల నోట్లు, చిల్లర. "రేకుల డబ్బులు, జిడ్డుగా ఉంటాయి, ఏమనుకోకు" అంది నాన్నతో. కుండకి నూనె గుడ్డ రాసిన చేత్తోనే డబ్బులు తీసుకునేది మరి. ఫీజు కట్టేటప్పుడు కౌంటర్లో ఆయన నోట్లు లెక్కపెడుతూ వేళ్లు చొక్కాకి తుడుచుకోవడం నాకు బాగా గుర్తు. ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏడాదీ ఫీజు ఆ సీసాలోంచే వచ్చింది. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇవ్వబోతే, "నాకెందుకే, నీకు ఆడపిల్ల పుడితే దాని పెళ్లికి సారె రేకులు నావి, అప్పుడు పిలు" అంది. నాకు అప్పటికి పెళ్లే కాలేదు.

అత్తయ్య పోయి ఏడాది దాటింది. 79 ఏళ్లు. మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేవలేదు, అంతే. పన్నెండో రోజున బావ "నీకేం కావాలో తీసుకోవే" అంటే నేను కుండ అడిగాను. బంగారం ఉంటే అడిగేదాన్నేమో, నిజం చెప్పాలి కదా, కానీ ఆవిడ దగ్గర ఉన్న రెండు గాజులూ ఎవరి ఫీజుకో ఎప్పుడో పోయాయి. కుండని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చుకున్నాను.

ఇక నా తెలివితేటలు వినండి. అమ్మాయి పెళ్లి కుదిరింది, సారెకి అత్తయ్య కుండ మీద నేనే రేకులు తీస్తాను అనుకున్నాను. నాలుగో అంతస్తు అపార్ట్‌మెంట్లో. గ్యాస్ స్టవ్ మీద. ఏడాదిగా అటక మీద చల్లగా పడి ఉన్న కుండ కింద ఒక్కసారిగా సిమ్‌లోంచి ఫుల్‌కి తిప్పేశాను. టప్‌మంది. ఒక వైపు నుంచి రెండో వైపుకి పగులు. మావారు వంటింట్లోకి తొంగిచూసి, ఏదో జోకు వేయబోయి, నా మొహం చూసి వెనక్కి వెళ్లిపోయారు. ఆయనకి కూడా ఇక్కడే థాంక్స్ చెప్పేస్తున్నా, ఆ జోకు ఇప్పటిదాకా వేయనందుకు.

ఆ రాత్రే మీకు ఫోటో పెట్టింది. "ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండ్రోజుల్లో వస్తాయి కదండీ" అని ఓ పదిమంది అన్నారు. నిజమే, వస్తాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, మంచివే దొరుకుతాయి. నాకు కావల్సింది తినడానికి రేకులు అయితే అదే పని చేసేదాన్ని. మీలో ఒకాయన మాత్రం ఏమీ అడక్కుండా "మాది లొల్ల లాకుల దగ్గరండి, పొద్దున్నే కనుక్కుని చెప్తాను" అని రాశారు. లొల్ల అంటే ఆత్రేయపురం దగ్గరే. మర్నాడు తొమ్మిదింటికల్లా ఫోన్. ఆయన ఆటో నడుపుతారట, కిరాయిలు మానుకుని కుమ్మరి వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగారు. వంట కుండలు వేరు, రేకుల కుండ వేరు, వీపు నున్నగా, ఎక్కడా గుంట మిట్ట లేకుండా ఉండాలి, అందరూ చేయరు. దొరికింది. ఆ కుమ్మరి తాతగారితో ఫోన్‌లో మాట్లాడితే, "ఎన్ని కావాలి తల్లీ" అన్నారు. ఒకటే అన్నాను. "ఒకటి సరిపోదు, నువ్వు కొత్తదానివి" అని రెండు ఇచ్చి, ఒకదానికే డబ్బు తీసుకున్నారు. ఆయన మాటే నిజమైంది, చివర్లో చెప్తాను.

అన్నయ్యా, మీ ఆటో కిరాయి ఎంతో మీరు ఇప్పటికీ చెప్పలేదు. మీ అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అన్నారు కదా, అవి అయ్యాక మాట్లాడదాం, ఈసారి మీరు వద్దన్నా వినను.

రేకులు తీయడానికి మూడు రోజులు సెలవు పెట్టి నేనే ఆత్రేయపురం వెళ్లాను. బావ వాళ్లు బెంగళూరులో, ఇల్లు తాళం. ఎక్కడ ఉండాలో, ఎవరి పొయ్యి దగ్గర కూర్చోవాలో తెలియని టెన్షన్‌లో ఉంటే, పోస్టు కింద "మా ఇంటికి రండి అక్కా" అని రాసిన ఒకావిడ బస్సు దిగేసరికి రోడ్డు మీద నిలబడి ఉంది. అంతకుముందు మొహం తెలీదు. వాళ్ల అమ్మగారు నన్ను చూసి, "నువ్వు కాలేజీ పిల్లవి కదా, రేకు ముక్కలు తినేదానివి" అన్నారు. ఆవిడకి రేకులు తీయడం నేర్పింది మా అత్తయ్యే! భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉన్నప్పుడు పిలిచి, కుండ ఇచ్చి, నెల రోజులు పక్కన కూర్చోబెట్టుకుందట. మూడేళ్లు ఆ ఇంట్లో తిని తిరిగిన నాకు ఈ సంగతి తెలియదు. అత్తయ్య చెప్పలేదు, నేనూ అడగలేదు. నా ఫీజు కథ నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

కొత్త కుండని వాళ్లు నన్ను ముట్టుకోనివ్వలేదు. సన్నసెగ మీద పెట్టి, నూనె గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ దాన్ని దారికి తెచ్చారు. మొదట్లో రేకు లేవదు, కుండకే అతుక్కుంటుంది, ఓపిక పట్టాలి. రెండో రోజు నన్ను కూర్చోబెట్టారు. గుడ్డ లాగడం చూస్తే ఎంత తేలికో, చేస్తే అంత కష్టం. ఒకటి మందం, ఒకటి చిల్లు, ఒకటి సగమే. నన్ను ఇంటికి పిలిచిన ఆ చెల్లి వెనకాల నిలబడి "మణికట్టు తిప్పకండక్కా, మోచెయ్యి లాగండి" అంటూనే ఉంది. మధ్యాహ్నానికి నాకు చిటికెన వేలు కాలింది, మొత్తం 11 రేకులు నిలిచాయి. మిగతావన్నీ పెద్దావిడ పంచదార చల్లి గిన్నెలో వేసి నా చేతిలో పెట్టారు. నేను ఆ గిన్నె పట్టుకుని దొడ్లోకి వెళ్లిపోయాను, ఏదో ఫోన్ వచ్చినట్టు.

సాయంత్రం రెండో కుండ తీసి జాగ్రత్తగా పక్కన పెడుతున్నానా, చెయ్యి జారింది. తాతగారూ, మీకు దండం.

సారెలో మొత్తం 516 పెట్టాం. అబద్ధం ఎందుకు, అందులో 400 కొట్లో కొన్నవే. 116 మాత్రం ఆ ఇంటి పొయ్యి మీద తీసిన రేకులతో చుట్టినవి, ఒక్కో చుట్టకి రెండు మూడు రేకులు పడతాయి కాబట్టి లెక్క మీరే వేసుకోండి, ఆ అమ్మా కూతుళ్లు రెండు రోజులు ఎంత పని చేశారో. రేకుల్ని తడిగుడ్డతో మెత్తబరచడం, నెయ్యి పూయడం, మడవడం దగ్గర వీధిలో ఇంకో నలుగురు వచ్చి కూర్చున్నారు. కూలి మాటెత్తితే "పెళ్లి పనండి, అలా అనకూడదు" అన్నారు. హైదరాబాద్ బస్సులో ఆ డబ్బాల్ని డిక్కీలో వేయకుండా తన సీటు పక్కన పెట్టుకుని, సూర్యాపేట దగ్గర టీకి ఆపినప్పుడు కూడా దిగకుండా కాపలా కాసిన కండక్టర్ గారికీ నమస్కారం. ఆయన ఇది చదువుతారో లేదో తెలీదు.

వియ్యాలవారిది వరంగల్. వాళ్ల వైపు ఆడపిల్ల పుట్టింటివాళ్లు సకినాలు పెట్టాలి, నాకు అదో కొత్త. సకినం చుట్టడం కూడా చేతివాటమే, బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, బట్ట మీద వేళ్లతో చుట్టు మీద చుట్టు తిప్పుతూ పోవాలి. మా మూడో అంతస్తు ఆంటీ, వాళ్ల చెల్లెళ్లు ఇద్దరూ ఆదివారం పొద్దున పది నుంచి రాత్రి దాకా మా హాల్లో చీరలు పరిచి చుట్టారు. ఆంటీ, మీకు నేను ఎన్ని కాఫీలు ఇచ్చినా తక్కువే. సారె విప్పాక మా వియ్యపురాలు పూతరేకు చేతిలో తిప్పి తిప్పి చూసి, "వదినె, గిది కాయితం తీసి తినాల్నా, కాయితంతోనే తినాల్నా?" అన్నారు. పందిరంతా నవ్వు. తిన్నాక ఆవిడే రెండోది అడిగారు. నా 11 రేకులు ఎవరి వాటాకి వెళ్లాయో తెలీదు, మందంగా ఉన్నది ఎవరికైనా తగిలితే అది నాదే, క్షమించండి.

పగిలిన పాత కుండని ఏం చేశావని చాలామంది అడిగారు. ఏమీ చేయలేదు, అదే చీరలో చుట్టి అటక మీదే ఉంది.

ఆత్రేయపురం చెల్లీ, మీ పెద్ద స్టీలు డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. మీ అమ్మగారు రెండుసార్లు అడిగారట, నువ్వు మొహమాటపడి చెప్పలేదు. ఖాళీ డబ్బా ఎలా ఇస్తాను, మూడో అంతస్తు ఆంటీ సకినాలు మళ్లీ చుడతానన్నారు, ఉగాది దాటాక నేనే పట్టుకొస్తాను. కుండ కాస్త దూరంగా పెట్టమని చెప్పు.